దత్తతకు బాండ్ పేపర్ చాలదు: మా అనుభవం

మా ఇంటికి పాప వచ్చిందని తెలిసినప్పటి నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు. మా మిర్యాలగూడ వాళ్లే కాదు, హాలియా నుంచి, దేవరకొండ నుంచి, అటు అచ్చంపేట నుంచి కూడా. చాలామంది మొదట అడిగేది ఒకటే: "అక్కా, ఎవరిని పట్టుకుంటే పని అయింది? ఎంత పెట్టిన్రు?" ఎవరినీ పట్టుకోలేదు, ఖర్చయిన ప్రతి రూపాయికీ రసీదు ఉంది అంటే సగం మంది నమ్మరు. నమ్మనివాళ్లు ఆ తర్వాత ఎక్కడికి వెళ్తారో నాకు తెలుసు. ఆ భయంతోనే ఇదంతా రాస్తున్నాను.

మా ఆయన రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. పెళ్లయిన కొన్నేళ్లకే హైదరాబాద్ ఆసుపత్రుల చుట్టూ తిరగడం మొదలైంది. ఐవీఎఫ్ చేయించుకున్నాం, నిలవలేదు. మళ్లీ చేయించుకున్నాం. ఆ సంగతులు ఇక్కడ ఎక్కువ రాయను. చివరికి ఒక డాక్టరమ్మ నెమ్మదిగా కూర్చోబెట్టి, మీ గర్భసంచి బిడ్డను మోసే పరిస్థితిలో లేదు, సరోగసీ గానీ దత్తత గానీ ఆలోచించండి అని చెప్పింది.

ముందు సరోగసీ గురించే తెలుసుకున్నాం. డబ్బులిస్తే ఎవరో ఒకామె మోసి పెడుతుందని ఇప్పటికీ చాలామంది అనుకుంటున్నారు. ఆ రోజులు పోయాయి. 2021లో చేసిన సరోగసీ చట్టం 2022 జనవరి 25 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మోసే తల్లికి వైద్యం ఖర్చులు, 36 నెలల ఇన్సూరెన్స్ తప్ప ప్రతిఫలం కింద డబ్బు ఇవ్వకూడదు. ఆమె వయసు 25 నుంచి 35 మధ్య ఉండాలి, పెళ్లయి ఉండాలి, తనకు సొంత బిడ్డ ఉండాలి. జీవితంలో ఒక్కసారే మోయాలి. అండం ఆమెది కాకూడదు. బిడ్డ కావాలనుకునే దంపతుల్లో భార్యకు 23 నుంచి 50, భర్తకు 26 నుంచి 55 ఏళ్లు ఉండాలి. మామూలుగా అయితే వాళ్లకు అప్పటికే పిల్లలు ఉండకూడదు. వితంతువులు, విడాకులు తీసుకున్న ఆడవాళ్లు కూడా 35 నుంచి 45 ఏళ్ల లోపు అయితే అర్హులే. జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కావాలి, పుట్టబోయే బిడ్డకు తల్లిదండ్రులు ఎవరన్నదాని మీద మేజిస్ట్రేట్ కోర్టు ఉత్తర్వు కావాలి. డబ్బులిచ్చి చేయించుకుంటే దంపతులకే మొదటిసారికి 5 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా.

నా చెల్లెలు "నేను మోస్తా అక్కా" అంది. ఆ మాట నేను చచ్చేదాకా మర్చిపోను. కానీ దానికి రెండు కాన్పులూ ఆపరేషన్లే. మూడోసారి కడుపు కోయడం మంచిది కాదని డాక్టరమ్మ చెప్పింది. దాని అత్తగారింట్లోనూ ఒప్పుకోలేదు, వాళ్లను తప్పు పట్టలేను. సరోగసీ సంగతి అక్కడితో వదిలేశాం.

ఇంట్లో పెద్దవాళ్లు ఇంకో దారి చెప్పారు. మా తోడికోడలు అప్పుడు రెండో కాన్పుకు ఉంది. "ఆ బిడ్డను మీరే సాదుకోండి, బయటోళ్ల బిడ్డ ఎందుకు, బాండ్ పేపర్ మీద రాసుకుంటే అయిపాయె" అన్నారు మా మామయ్య. మన వైపు ఇది మామూలే. అన్న బిడ్డను తమ్ముడు, అక్క కొడుకును చెల్లె సాదుకోవడం ప్రతి ఊళ్లో చూస్తాం. అయితే నోటరీ దగ్గర బాండ్ పేపర్ మీద సంతకాలు పెట్టుకుంటే దత్తత అయిపోయిందనుకోవడం తప్పు. హిందువులకు 1956 దత్తత చట్టం ఉంది. దాని కింద బిడ్డను కన్న తల్లీతండ్రీ ఇద్దరూ ఒప్పుకుని ఇవ్వాలి. బిడ్డకు 15 ఏళ్లు నిండి ఉండకూడదు. తండ్రి ఆడపిల్లను దత్తత తీసుకున్నా, తల్లి మగపిల్లాణ్ని తీసుకున్నా ఇద్దరి మధ్య 21 ఏళ్ల తేడా ఉండాలి. ఇచ్చినందుకు డబ్బు తీసుకోవడం నేరం. దత్తత పత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ అయితే దాన్ని కోర్టు నిజమైన దత్తతగా అనుకుంటుంది, కాదన్నవాళ్లే రుజువు చేసుకోవాలి. నోటరీ బాండుకు ఆ బలం లేదు. రేపు ఆస్తి పంపకాల దగ్గర, పాస్‌పోర్టు దగ్గర అది నిలబడదు. మా స్కూల్లోనే చూశాను, సాదుకున్న తల్లి పేరు ఒకటి, బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఇంకొకటి ఉండి, ఒక పదో తరగతి పిల్ల ఎంత ఏడ్చిందో.

మాకు ఆ దారి కుదరలేదు. మామయ్య మాట విన్నప్పుడు మా తోడికోడలు ఏమీ అనలేదు, కానీ ఆమె ముఖం చూశాక ఇంకెవరూ ఆ మాట ఎత్తకుండా మా ఆయనే ఆపేశారు.

తర్వాత నల్లగొండ కలెక్టరేట్‌కు వెళ్లాం. అక్కడ జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఉంటుంది, డీసీపీయూ అంటారు. తెలంగాణలో ప్రతి జిల్లాకూ ఉంది. మేం వెళ్లిన రోజు అక్కడున్న మేడం ఒక గంటసేపు కూర్చోబెట్టి చెప్పారు. దేశం మొత్తానికి దత్తత వ్యవహారం చూసేది కేంద్ర ప్రభుత్వ సంస్థ, పేరు కారా. దాని పోర్టల్‌లో మనమే రిజిస్టర్ చేసుకోవచ్చు, ఆన్‌లైన్ రాకపోతే డీసీపీయూ వాళ్లు సాయం చేస్తారు. ఏజెంటు అనేవాడు ఈ పద్ధతిలో ఎక్కడా లేడు.

2022 సెప్టెంబర్‌లో కొత్త దత్తత నియమాలు వచ్చాయి, మేం ఆ అక్టోబర్‌లో పేరు పెట్టుకున్నాం. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసు కలిపి 85 దాటకూడదు. మాది కలిపి 79. రెండు నుంచి నాలుగేళ్ల బిడ్డకైతే 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఆపైన 18 లోపు పిల్లలకు 110. ఒంటరిగా ఉన్నవాళ్లకు ఇవే వరుసలో 40, 45, 50, 55. ఒంటరి ఆడవాళ్లు ఆడపిల్లనైనా మగపిల్లాణ్నైనా తీసుకోవచ్చు, ఒంటరి మగవాళ్లకు మాత్రం ఆడపిల్లను ఇవ్వరు. దంపతులైతే కనీసం రెండేళ్లు కాపురం చేసి ఉండాలి. బిడ్డకూ తల్లిదండ్రులకూ కనీసం 25 ఏళ్ల తేడా ఉండాలి. ఇప్పటికే ఇద్దరు పిల్లలున్నవాళ్లకు ప్రత్యేక అవసరాలున్న పిల్లలను, ఎవరూ ముందుకురాక మిగిలిపోయిన పిల్లలను మాత్రమే ఇస్తారు.

కాగితాల గురించి టెన్షన్ పడక్కర్లేదు. పాన్ కార్డు, ఇద్దరి పుట్టిన తేదీ రుజువు, ఆధార్, పెళ్లి సర్టిఫికెట్, మీసేవలో తీసుకున్న ఆదాయ సర్టిఫికెట్, ప్రాణాంతకమైన జబ్బులు, అంటు జబ్బులు లేవని డాక్టరు రాసిచ్చిన కాగితం, కుటుంబం ఫోటో. మాకు ఇబ్బంది అయింది పెళ్లి సర్టిఫికెట్ దగ్గరే. మన ఊళ్లలో పెళ్లిళ్లు ఎంతమంది రిజిస్టర్ చేయించుకుంటారు? శుభలేఖ, పెళ్లి ఫోటోలు పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి అప్పుడు చేయించుకున్నాం. దత్తత ఆలోచన ఉన్నవాళ్లు ఈ పని ముందే పెట్టుకోండి.

తర్వాత సోషల్ వర్కర్ ఇంటికొస్తారు, దాన్ని హోమ్ స్టడీ అంటారు. ఆ రోజు మా అత్తమ్మ పొద్దున్నుంచి ఇల్లు కడుగుతూనే ఉంది. వచ్చినామె ఇల్లు పెద్దదా చిన్నదా అని చూడలేదు. మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడింది. మీ ఇద్దరికీ గొడవలు వస్తే ఏం చేస్తారు? బిడ్డ నల్లగా ఉంటే? చదువు రాకపోతే? మీ చుట్టాలు బిడ్డను తక్కువగా చూస్తే ఎవరి వైపు నిలబడతారు? దత్తత అని బిడ్డకు ఎప్పుడు చెబుతారు? అత్తమ్మను కూడా అడిగింది. "ఎవల బిడ్డో, ఏ కులమో" అని అత్తమ్మ నసిగింది. అప్పుడామె కోప్పడకుండా, "అమ్మా, చట్టం ముందు ఈ బిడ్డ మీ కోడలు కన్న బిడ్డతో సమానం. ఆస్తిలో హక్కు కూడా అంతే. మీ మనసులో కూడా అంతే అయితేనే నేను రిపోర్టు రాస్తాను" అంది. అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా కొడుకు కోడలు ఏడుస్తుంటే చూడలేకపోతున్న బిడ్డా, ఏ బిడ్డయినా సరే" అంది. ఆ ప్రశ్నలన్నీ మమ్మల్ని అనుమానించి అడిగినవి కావని నాకు ఆ రోజే అర్థమైంది. నోరులేని ఒక పసిబిడ్డ తరఫున ఎవరో ఒకరు అడగాలి కదా.

ఆ తర్వాత ఎదురుచూపు. ఇది మాత్రం దాచకుండా చెబుతాను, చాలా కష్టం. చిన్న వయసు, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కావాలనుకునేవాళ్లకు మూడేళ్ల పైనే పడుతోంది. కావాలనుకునే తల్లిదండ్రులు వేలల్లో ఉన్నారు, చట్టప్రకారం దత్తతకు వచ్చే పిల్లలు తక్కువ. వయసు పెద్దయిన పిల్లలకు, ఏదైనా ఆరోగ్య సమస్య ఉన్న పిల్లలకు సిద్ధపడితే చాలా త్వరగా అవుతుంది. మా హోమ్ స్టడీ రిపోర్టుకున్న మూడేళ్ల గడువు కూడా దాటిపోయింది, మళ్లీ చేయించుకున్నాం. వరుసలో మా నంబరు మాత్రం పోలేదు.

ఆ మధ్యకాలంలోనే ఒకామె మా ఇంటికి వచ్చింది. తెలిసినవాళ్ల ద్వారానే వచ్చింది, మంచిగానే మాట్లాడింది. దేవరకొండ అవతల ఒక తండాలో ఒక తల్లికి మూడో ఆడపిల్ల పుట్టబోతోందట. ఒక నర్సింగ్ హోంలో కాన్పు నా పేరు మీదే రాయిస్తారట, బర్త్ సర్టిఫికెట్ నేరుగా మా పేర్లతో వస్తుందట. ఎవరికీ అనుమానం రాదు, దత్తత అని కూడా తెలియదు అంది. లక్షల్లో అడిగింది.

మనసు లాగలేదని అబద్ధం చెప్పను. రాత్రంతా మా ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను. నల్లగొండ జిల్లా వాళ్లకు ఈ కథ కొత్త కాదు. 1999లోనూ 2001లోనూ హైదరాబాద్‌లో కొన్ని దత్తత కేంద్రాల బాగోతం బయటపడ్డప్పుడు, అక్కడ దొరికిన పసిపిల్లల్లో దేవరకొండ చుట్టుపక్కల తండాల నుంచి తెచ్చినవాళ్లూ ఉన్నారు. కరువు, వలసలు, కట్నం భయం ఉన్న ఇళ్లలో తల్లుల చేతుల్లో కొన్ని నోట్లు పెట్టి బిడ్డలను తీసుకుపోయారు. మూడో ఆడపిల్ల పుట్టబోతోందని ఆమె అన్నప్పుడు నాకు మా జిల్లా అంతా గుర్తొచ్చింది. ఆ తల్లి నిజంగా ఇష్టపడే ఇస్తోందా, ఎవరైనా బెదిరించారా, పుట్టాక ఆమె మనసు మారితే ఏమవుతుంది? ఇవేవీ అడిగేవాళ్లు ఆ పద్ధతిలో ఎవరూ ఉండరు. వద్దన్నాం.

2024లో మేడిపల్లి కేసు టీవీలో వచ్చింది. పిల్లలను కొని అమ్మే ముఠాను రాచకొండ పోలీసులు పట్టుకున్నారు. కొనుక్కున్న దంపతుల ఇళ్లకు వెళ్లి పిల్లలను తీసుకుని ప్రభుత్వ శిశు విహార్‌కు పంపారు. ఆ తల్లులు పోలీసు వాహనాల దగ్గర పడి ఏడుస్తుంటే నేను టీవీ ముందు నుంచి లేవలేకపోయాను. కన్నబిడ్డల్లా పెంచుకున్న బిడ్డలు వాళ్లు. పిల్లలకు ఏం తెలుసు? వాళ్లకు అదే అమ్మ. ఆ మరుసటి ఏడాది సికింద్రాబాద్‌లో ఒక ఫెర్టిలిటీ సెంటర్ వ్యవహారం వచ్చింది. సరోగసీ అని చెప్పి దంపతుల దగ్గర లక్షలు తీసుకుని ఇచ్చిన బిడ్డ డీఎన్‌ఏ వాళ్లతో కలవలేదు. ఇంకెవరో పేద తల్లి బిడ్డను తెచ్చి ఇచ్చారని పోలీసులు తేల్చారు.

బాలల న్యాయ చట్టం ప్రకారం పద్ధతి తప్పి బిడ్డను ఇచ్చినా తీసుకున్నా 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అమ్మడం కొనడం అయితే 5 ఏళ్ల వరకు కఠిన శిక్ష. ఆసుపత్రి సిబ్బంది అయితే 3 నుంచి 7 ఏళ్లు. శిక్ష కంటే పెద్ద భయం ఏంటంటే, ఎన్నేళ్లయినా ఆ బిడ్డ చట్టప్రకారం మీ బిడ్డ కాదు.

ఒక మధ్యాహ్నం నేను నోటుబుక్కులు దిద్దుతుండగా మా ఆయన ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మనకు ఇవ్వదలచిన బిడ్డ వివరాలు పంపడాన్ని రెఫరల్ అంటారు. పోర్టల్‌లో బిడ్డ ఫోటో, బిడ్డ వివరాల రిపోర్టు, వైద్య పరీక్షల రిపోర్టు ఉంటాయి. 48 గంటల్లో మనం రిజర్వ్ చేసుకోవాలి. కాదంటే రెఫరల్ పోతుంది, అలా మొత్తం మూడు అవకాశాలు. ఫోటో చూడగానే నాకు ఇంకేమీ కనిపించలేదు. మా ఆయన మాత్రం రిపోర్టు ప్రింటు తీసి పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లారు. బరువు కొంచెం తక్కువ, రక్తం తక్కువ, మిగతా అంతా బాగుంది అన్నారు. ఈ పని అందరూ చేయాలి. రిపోర్టులోని మాటలు మనకు అర్థం కావు. అవసరమైతే ఇంకా పరీక్షలు చేయించమని సంస్థను అడిగే హక్కు మనకు ఉంది.

పాప మహబూబ్‌నగర్ శిశుగృహలో, అంటే దత్తతకు ఇచ్చే పసిపిల్లలను చూసుకునే కేంద్రంలో ఉంది. వెళ్లాం. దత్తత కమిటీ మా ఒరిజినల్ కాగితాలు చూసింది, మాట్లాడింది. పాపను ఆయమ్మ ఎత్తుకొచ్చింది. అప్పటికి ఎనిమిది నెలల పిల్ల. నా దగ్గరకు రాకుండా ఆయమ్మ కొంగు పట్టుకుని ఏడ్చింది. సినిమాల్లో లాగా చూడగానే నవ్వుతుందని ఎవరూ అనుకోకండి. ఆ పాపకు అప్పటిదాకా ఆయమ్మే లోకం. మేం రెండు రోజులు అక్కడే ఉండి, రోజంతా శిశుగృహలో కూర్చున్నాం. ఏ పాలపొడి తాగుతుంది, ఎట్లా పడుకోబెడితే పడుకుంటుంది, జోలపాట ఏది, అన్నీ ఆయమ్మను అడిగి రాసుకున్నాను. వదిలేటప్పుడు ఆయమ్మ ఏడ్చింది. ఆమె రుణం మేం తీర్చలేం.

డబ్బుల సంగతి. రిజిస్ట్రేషన్, హోమ్ స్టడీకి 6,000. బిడ్డ సంరక్షణ నిధి కింద 50,000. తర్వాత వచ్చి చూసే ఒక్కో సందర్శనకు 2,000. చేతికి నగదు ఎవరూ అడగలేదు, మేం ఇవ్వలేదు.

అంగీకార పత్రం మీద సంతకం పెట్టాక బిడ్డను ముందు సంరక్షణ కింద మన ఇంటికి పంపుతారు. దత్తత ఉత్తర్వు ఆ తర్వాత వస్తుంది. ఇంతకుముందు ఇది కోర్టు ఇచ్చేది, నెలల తరబడి వాయిదాలు ఉండేవి. 2022 సెప్టెంబర్ 1 నుంచి జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్ ఇస్తున్నారు. రెండు నెలల్లో ఇవ్వాలని నియమం. ఉత్తర్వు వచ్చాక మా పేర్లతో బర్త్ సర్టిఫికెట్ వచ్చింది. ఆధార్, రేషన్ కార్డు, అన్నీ దాని మీదే. రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి సోషల్ వర్కర్ వచ్చి చూస్తారు. మొదటిసారి వచ్చినప్పుడు పాప ఆమె బ్యాగులోంచి కాగితాలన్నీ లాగి చింపేసింది. మనం ఎట్లా పెంచుతున్నామో పట్టుకోవాలని కాదు, ఏదైనా ఇబ్బంది ఉంటే చెప్పండి అని అడుగుతారు. మొదట్లో పాప రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. ఆమెకు చెబితే, ఎక్కువ చేతులు మారనివ్వకండి, కొన్ని వారాలు మీరిద్దరే ఎత్తుకోండి, చుట్టాలను తర్వాత పిలవండి అంది. బారసాలను ఆపి, పాప కుదురుకున్నాక చేశాం. చుట్టాలు అలిగారు. అలిగితే అలిగారు.

కులం గురించి, "అసలు అమ్మ" గురించి అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు మా అత్తమ్మే సమాధానం చెబుతోంది. పాపకు మాత్రం నేను ఇప్పటి నుంచే చెబుతున్నాను. జోకొట్టేటప్పుడు, నువ్వు మహబూబ్‌నగర్ నుంచి మా దగ్గరకు వచ్చినవు, నిన్ను చాలా రోజులు ఎదురుచూసినం అని. దానికి ఇప్పుడు అర్థం కాకపోవచ్చు. కానీ పదిహేనేళ్లకు ఎవరో పక్కింటివాళ్ల నోటి నుంచి విని కుప్పకూలకూడదు. 18 ఏళ్లు నిండాక తన మూలాలు తెలుసుకోవాలని అడిగే హక్కు దానికి నియమాల్లోనే ఉంది. అప్పుడు అది అడిగితే మేమే దగ్గరుండి తీసుకెళ్తాం.

ఇంకొకటి చెప్పాలి, ఇది పిల్లలు లేనివాళ్లకే కాదు, ఊళ్లో అందరికీ. ఎవరైనా తల్లి ఈ బిడ్డను నేను సాదలేను అంటే, మధ్యవర్తికి అప్పగించవద్దు, చెట్టు కింద వదిలేయనివ్వవద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా అంగన్‌వాడీ టీచర్‌కు చెప్పండి. ఆ తల్లి బాలల సంక్షేమ సమితి ముందు బిడ్డను అప్పగించవచ్చు, ఆమె వివరాలు గోప్యంగా ఉంచుతారు, ఆమె మీద కేసు పెట్టరు. మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజుల గడువు ఉంటుంది, ఆ లోపు వచ్చి తన బిడ్డను తాను తీసుకుపోవచ్చు. దొరికిన బిడ్డ అయితే ముందు పేపర్లో ప్రకటన ఇచ్చి కన్నవాళ్ల కోసం వెతుకుతారు. రెండేళ్ల లోపు పిల్లలకు రెండు నెలలు, ఆపై వయసు పిల్లలకు నాలుగు నెలలు గడువు. ఎవరూ రాకపోతేనే సమితి ఆ బిడ్డను దత్తతకు ఇవ్వవచ్చని ప్రకటిస్తుంది. మాలాంటి వాళ్ల ఫోన్‌కు మెసేజ్ వచ్చేది ఆ తర్వాతే.